ఇంటి సంగతులు: పలకకు తగిన బలపము

కట్టంగూరు మండలములోని ఒక పల్లె నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరము ఈ నెల మా ముందున్నది. ఆమె బి.ఎస్‌సి. చదివి, ఇంటి వద్దనే పిల్లలకు లెక్కలు చెబుతున్నారు. 2020లో కరోనా వలన బడులు మూతపడినప్పుడు ఫోనులో పాఠము చెప్పడము అలవాటైనది. ఇప్పుడు వాకిట్లో కూర్చొనే పిల్లలు గాక నార్కట్‌పల్లి, నకిరేకల్ వైపు నుండి కూడా కొందరు సాయంత్రము ఫోనులోనే ఆమె పాఠము వింటున్నారు. ఫోనును రెండు డబ్బాల మధ్య నిలబెట్టి, క్రింద కాగితము పెట్టి వ్రాస్తూ చూపుతారట. చేయి అడ్డము వస్తుంది, దీపము నీడ పడుతుంది, లెక్క సగములో ఉండగా "టీచర్, కనబడుత లేదు" అంటారు పిల్లలు. ఇద్దరు ముగ్గురు మానివేశారు కూడాను.

ఈ యేడు పత్తి అమ్మిన డబ్బులో తండ్రిగారు ముప్పై వేలు ప్రక్కన పెట్టి, పెన్నుతో వ్రాసే టాబ్లెట్ కొనుక్కొమ్మన్నారు. అక్కడ నుండి తగవు మొదలైనది. హైదరాబాదులో పనిచేసే తమ్ముడు, కొంటే ఆపిల్ ఐప్యాడ్ కొనాలి, తక్కువబడితే నేను చిట్టి ఎత్తి ఇస్తానంటున్నాడు. నల్లగొండలో దుకాణము వారు శాంసంగ్ చూపారు. మేనమామ గారు మాత్రము పది, పన్నెండు వేలలో వచ్చే టాబ్లెట్ చాలును, పెన్ను నూట యాభై రూపాయలకు ఎక్కడైనా దొరుకుతుంది, మిగిలిన డబ్బు ఎరువులకు పనికి వస్తుంది అంటున్నారు. "మా ఇంట్లో ఎవరి మాట వినవలెనో మీరే చెప్పండి" అని సహోదరి అడిగారు.

సహోదరీ, మీ ఉత్తరములో కంపెనీల పేర్లు, ధరలు చాలా వివరముగా వ్రాశారు. పెన్ను సంగతి మాత్రము ఒక్క వాక్యములో ముగించారు. పాఠము వినడానికి, పాటలు వినడానికి, బైబిలు చదువుకొనడానికి అయితే మీరు చెప్పిన మూడింటిలో ఏదైనా సరిపోతుంది. మీ పని వ్రాయడము. రోజుకు రెండు గంటలు, పిల్లలు చూస్తుండగా వ్రాయడము. గనుక ముందు పెన్ను చూడవలెను, తరువాత దానికి తగిన టాబ్లెట్ చూడవలెను. పెన్ను అనే ఒక్క పేరుతో బజారులో మూడు వేరు వేరు వస్తువులు అమ్ముతున్నారు. ఈ సంగతి తెలియకనే చాలా ఇండ్లలో డబ్బు వృథా అవుతున్నది.

మేనమామ గారు చెప్పిన నూట యాభై రూపాయల పెన్ను మొదటిది. దాని కొనకు మెత్తని రబ్బరు బుడిపె ఉంటుంది. ఈనాటి టాబ్లెట్ తెరలో కంటికి కనబడని సన్నని వల వంటిది ఉండి, దానిలో కొద్దిపాటి విద్యుత్తు ఉంటుంది. మన వ్రేలు తగిలినచోట ఆ విద్యుత్తులో మార్పు వస్తుంది గనుక ఎక్కడ తాకామో టాబ్లెట్‌కు తెలుస్తుంది. రబ్బరు పెన్ను చేసేది వ్రేలి పనియే, అంతకు మించి దానిలో ఏమీ లేదు. కొన లావుగా ఉంటుంది, అక్షరము ఎక్కడ పడుతుందో కంటికి కనబడదు. పైగా వ్రాసేటప్పుడు మన అరచేయి తెరకు ఆనితే టాబ్లెట్ దానిని కూడా వ్రేలనే అనుకుంటుంది. అందుచేత చేయి గాలిలో లేపి పట్టుకొని వ్రాయవలసి వస్తుంది. పది నిమిషాలు అలా వ్రాసి చూడండి, భుజము మీకే జవాబు చెబుతుంది. చిన్నపిల్లలు బొమ్మలకు రంగులు వేసుకొనడానికి ఇది చాలును. వర్గసమీకరణము చెప్పడానికి చాలదు.

ఇంతకు ముందు కాలములో మరొక రకము తెర ఉండేది. దానిని నొక్కితేనే పని చేసేది గనుక పుల్లతోనైనా గోరుతోనైనా వ్రాయవచ్చును. మన దేశములో పెన్నుతో వాడే పరికరాల కథ ఆ తెరతోనే మొదలైనది, అందులోని రెండు సంగతులు చెప్పుకొనదగినవి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు కొందరు, ఎన్‌కోర్ అనే కంపెనీ ఇంజనీర్లు కలిసి పల్లె ప్రజల కొరకు సింప్యూటర్ అనే చిన్న కంప్యూటరును తయారు చేశారు. 2004లో అది అమిడా అనే పేరుతో బజారుకు వచ్చింది. చిన్న పుల్ల వంటి పెన్నుతో దాని తెర మీద స్వంత దస్తూరీతో ఉత్తరము వ్రాసి పంపవచ్చును, ఏ భాష అయినా సరే. ఊరికి ఒక్కటి కొని, ఎవరి కార్డు వారు పెట్టి వాడుకొనాలన్నది వారి ఆలోచన. ధర పది వేల దగ్గర మొదలయ్యేది. ఆ రోజులలో అది కూలి చేసుకొనేవారికి గాని పంచాయతీకి గాని అందే ధర కాదు, కొన్ని వేలు అమ్ముడుపోయి ఆగిపోయింది. మంచి ఆలోచన అలా ముగిసినందుకు మాకు ఇప్పటికీ విచారమే.

రెండవది ఆకాశ్. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో అప్పటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ గారు దానిని విడుదల చేశారు. మన హైదరాబాదులోనే కూర్చబడిన టాబ్లెట్ అది. 7 అంగుళాల తెర, 256 ఎంబి మెమరీ. పేద విద్యార్థికి కూడా అందవలెనని ఒక్కొక్కటి రెండు వేల రూపాయల చిల్లరకు కొన్నారు. అయితే తెర నొక్కుడు తెర. వ్రేలితో మృదువుగా తాకితే కదలదు, గట్టిగా ఒత్తవలెను. 2012లో వచ్చిన ఆకాశ్ 2కు ఆ తెరను తీసివేసి ఇప్పటి రకము తెరను పెట్టారు. అప్పటికి లోకమంతా అటే మళ్ళింది. వ్రేలికి సుఖమైనది, పుల్లతో వ్రాసే వీలు మాత్రము పోయింది. రబ్బరు పెన్నులు పుట్టింది ఆ లోటు తీర్చడానికే.

ఇక రెండవ రకము పెన్ను. శాంసంగ్ వారు ఎస్ పెన్ అంటారు. జపాను దేశపు వాకమ్ కంపెనీ వారి పద్ధతి ఇది. టాబ్లెట్ తెర వెనుక ఒక పలుచని రేకు ఉంటుంది, పెన్ను లోపల సన్నని తీగచుట్ట ఉంటుంది. రేకు నుండి వచ్చే అయస్కాంత తరంగాలే పెన్నుకు కావలసిన శక్తిని ఇస్తాయి. గనుక వ్రాయడానికి పెన్నులో బ్యాటరీ అక్కరలేదు, చార్జింగు అక్కరలేదు. పెన్ను దగ్గరకు రాగానే టాబ్లెట్ దానిని గుర్తుపట్టి, అరచేతిని లెక్కచేయడము మానివేస్తుంది. కాగితము మీద వలె చేయి ఆనించి వ్రాయవచ్చును. 2011లో గెలాక్సీ నోట్ అనే ఫోనుతో వారు దీనిని తెచ్చారు, తరువాత టాబ్లెట్లకు పెట్టారు. 2020లో వచ్చిన గెలాక్సీ టాబ్ ఎస్6 లైట్‌లో పెన్ను పెట్టెలోనే వచ్చింది. అప్పటి ధర వైఫై రకము 27,999 రూపాయలు, సిమ్ కార్డు వేసుకొనేది 31,999. 2025లో వచ్చిన ఎస్10 లైట్‌కు కూడా పెన్ను పెట్టెలోనే ఉన్నది.

అయితే శాంసంగ్ అన్న పేరు చూసి మోసపోవద్దు. ఆ కంపెనీదే గెలాక్సీ టాబ్ ఏ7 లైట్, ఏ9 అనేవాటికి ఈ రేకు లేదు, ఎస్ పెన్ పనిచేయదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి పిల్లలకు, వారి ఉపాధ్యాయులకు ఐదు లక్షలకు పైగా టాబ్లెట్లు పంచింది గదా, అవి ఏ7 లైట్ రకమే. పాఠాలు చూడడానికి ఇచ్చినవి గనుక తప్పు లేదు. అటువంటిది మీ బంధువుల ఇంట్లో చూసి, "దీనికి పెన్ను కొంటే సరిపోతుంది గదా" అనుకొంటే మాత్రము మళ్ళీ రబ్బరు పెన్నే గతి.

మూడవ రకము, పెన్నులోనే బ్యాటరీ ఉన్నది. ఆపిల్ పెన్సిల్ ఇందులో పేరుపడినది. ఆ కంపెనీకి పెన్నుతో పాత వైరమున్నది. 1993లో న్యూటన్ అనే చేతి కంప్యూటరును పెన్నుతో తెచ్చి, అది చేతివ్రాతను తప్పుగా చదువుతున్నదని నలుగురిలో నవ్వులపాలై, 1998లో మానుకొన్నారు. 2007లో ఐఫోన్ చూపిన సభలో స్టీవ్ జాబ్స్ గారు, పుట్టుకతో వచ్చిన వ్రేళ్ళు ఉండగా పుల్లలెందుకన్న ధోరణిలో మాట్లాడారు. ఆయన పోయిన నాలుగేండ్లకు, 2015లో, అదే కంపెనీ పెన్సిల్‌ను అమ్మకానికి పెట్టింది. అది చాలా మంచి పెన్ను. కొన కదిలిన వెంటనే గీత పడుతుంది, చేయి ఆనించవచ్చును. ఈ విషయములో మీ తమ్ముడు చెప్పినది నిజమే.

చిక్కు రెండు చోట్ల ఉన్నది. మొదటిది, పెన్సిల్ వేరుగా కొనవలెను. 2025లో వచ్చిన మామూలు ఐప్యాడ్ ధర 34,900, దానికి సరిపడే పెన్సిళ్ళలో ఒకటి 2023లో వచ్చినప్పుడు 7,900. రెండూ కలిపితే 42,800. మీ తండ్రిగారు ఇచ్చినదాని కంటె దాదాపు పదమూడు వేలు ఎక్కువ. రెండవది, పెన్సిళ్ళు నాలుగు రకాలు ఉన్నాయి. 2015 నాటిది, 2018 నాటిది, 2023 నాటిది, 2024 నాటిది. ఒక ఐప్యాడ్‌కు సరిపడేది మరొకదానికి సరిపడదు. 2022లో వచ్చిన మామూలు ఐప్యాడ్‌కు మొదటి రకము పెన్సిల్ పనిచేస్తుంది గాని, చార్జింగు పెట్టడానికి నడుమ ఒక చిన్న ముక్క కావలెను. ఆ ముక్క పోతే పెన్సిల్ ఉండి కూడా లేనట్టే. ఇన్ని మెలికలు ఎందుకు పెట్టారో మాకైతే అర్థము కాలేదు.

ఇంకొక మాట. బ్యాటరీ ఉన్న ఏ పెన్నునైనా వాడకుండ నెలల తరబడి సొరుగులో పెడితే, చార్జింగు పూర్తిగా దిగిపోయి, బ్యాటరీ మళ్ళీ లేవకపోవచ్చును. లోపలి బ్యాటరీని మన ఊరి రిపేరు షాపులో మార్చే వీలు లేదు. వేసవి సెలవులలో ట్యూషను ఆపుతారు గదా సహోదరీ, ఆ రెండు నెలలు గుర్తుపెట్టుకొని చార్జింగు పెట్టవలెను. నాట్ల కాలములో, పత్తి ఏరే కాలములో ఇంటిల్లిపాది చేను దగ్గర ఉన్నప్పుడు పెన్ను సంగతి ఎవరికి గుర్తుంటుంది?

లెనోవో, వన్‌ప్లస్, షావోమి కంపెనీలలోను పెన్ను వాడదగిన టాబ్లెట్లు కొన్ని ఉన్నాయి. కొన్నిటికి పెట్టెలోనే ఇస్తారు, ఎక్కువ వాటికి వేరుగా కొనవలెను. అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ టాబ్లెట్‌కు ఇదే కంపెనీ చేసిన పెన్ను ఉన్నదా, అది ఇప్పుడు మీ దుకాణములో ఉన్నదా? "తెప్పిస్తాము" అంటే టాబ్లెట్‌ను కూడా ఆ రోజే కొనండి.

తెలుగు వ్రాసే మనకు పెన్ను సంగతి ఇంగ్లీషు వారి కంటె ఎక్కువ ముఖ్యము. మన అక్షరాలు గుండ్రనివి, క్రింద వత్తులు, పైన గుణింతాలు. పెన్ను కొనకు, తెర మీద పడే గీతకు మధ్య సన్నని సందు ఉన్నా, గీత ఒక క్షణము ఆలస్యముగా పడినా, ఇంగ్లీషు అక్షరము చదవవచ్చును గాని వత్తు మాత్రము ప్రక్క అక్షరము క్రిందకు పోతుంది. దుకాణములో వారు చూపేది ఇంగ్లీషులో ఒక సంతకము. మీరు కుర్చీ అడిగి కూర్చొని, చేయి ఆనించి, "సూక్ష్మము", "స్వాతంత్ర్యము" అని చిన్న అక్షరాలతో పది సార్లు వ్రాయండి. తరువాత ఒక వర్గమూలము, ఒక భిన్నము, దాని క్రింద మరొక భిన్నము వేసి చూడండి. చేయి నొప్పి పుట్టకుండ, మీ దస్తూరీ మీ దస్తూరీ వలెనే కనబడితే అది మీ పెన్ను.

చేతివ్రాతను అచ్చు అక్షరాలుగా మార్చే సౌకర్యము గురించి కూడా అడిగారు. ఆండ్రాయిడ్ టాబ్లెట్లకు గూగుల్ వారు 2015లో 82 భాషలతో చేతివ్రాత కీబోర్డును తెచ్చారు, అందులో తెలుగు ఉన్నది. మన పాస్టర్లు ప్రసంగపు ముఖ్యాంశాలు వ్రాసుకొనడానికి ఇటువంటివి పనికి వస్తాయి. లెక్కలు చెప్పే మీకు దీని అవసరము అంతగా లేదు. దీని కొరకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టవద్దు.

పుట్టపాక, పోచంపల్లి వైపు నేత కుటుంబాల వారు మా పత్రిక చదువుతారు గనుక వారి కొరకు ఒక మాట. గళ్ళ కాగితము మీద డిజైను వేసుకొనేవారికి టాబ్లెట్‌లో గళ్ళు వేసుకొని నింపడము సులభము, ఏ మంచి పెన్నైనా సరిపోతుంది. మనుష్యుల బొమ్మలు, నీడలు గీసేవారికి మాత్రము, నొక్కితే లావుగా, తేలికగా పట్టితే సన్నగా గీత పడే పెన్ను కావలెను. ఎస్ పెన్‌లో ఆ గుణమున్నది. ఆపిల్ పెన్సిళ్ళలో 2023 నాటి 7,900 రూపాయల దానికి అది లేదు, మిగిలిన మూడింటికి ఉన్నది.

ఇక మీ ఇంటి తగవు. మేనమామ గారి లెక్కలో డబ్బు మిగులుతుంది, పాఠము మిగలదు. చేయి ఆనించి వ్రాయలేని టాబ్లెట్‌తో పిల్లలు మళ్ళీ "కనబడుత లేదు" అంటారు. మీ తమ్ముడిది మంచి మనస్సు, మంచి వస్తువే చెప్పాడు. ఐప్యాడ్ చాలా యేండ్లు పనిచేస్తుంది, కొత్త సాఫ్ట్‌వేర్ కూడా చాలాకాలము వస్తుంది. అయినా దాని కొరకు చిట్టి ఎత్తవద్దని మా సలహా. ట్యూషను డబ్బు నెలనెల ఒకే తీరుగా రాదు, చిట్టి వాయిదా మాత్రము నెలనెల వస్తుంది. ముప్పై వేల లోపున, బ్యాటరీ లేని పెన్ను పెట్టెలోనే వచ్చే టాబ్లెట్ తీసుకొనండి. పది అంగుళాలకు తగ్గవద్దు. వైఫై రకము చాలును, మీ ఫోను నుండే ఇంటర్నెట్ ఇచ్చుకొనవచ్చును. మిగిలినదానిలో ఒక గట్టి కవరు, రెండు మూడు పెన్ను మొనలు కొనండి. మొన అరిగిపోయే వస్తువు, గరుకు ఫిల్ము అంటిస్తే ఇంకా త్వరగా అరుగుతుంది.

బిల్లు వ్రాయించుకొనే ముందు, బాగుచేసే కేంద్రము నల్లగొండలో ఉన్నదా, సూర్యాపేటలో ఉన్నదా, లేక హైదరాబాదు బస్సు ఎక్కవలెనా అని అడగండి. వ్రాసిన పాఠాలను వారానికి ఒకసారి పిడిఎఫ్‌గా మార్చి ఫోనులోకి పంపుకొనండి. ఒక కంపెనీ నోట్సు పుస్తకము మరొక కంపెనీ టాబ్లెట్‌లో తెరుచుకొనదు.

ఇంతకంటె చౌకైన దారి ఒకటున్నది. తెర లేని నల్లని పలక వంటిది దొరుకుతుంది, వాకమ్, హ్యూయాన్, ఎక్స్‌పీ పెన్ కంపెనీలవి. దానిని తీగతో కంప్యూటరుకు గాని, కొన్నిటిని ఫోనుకు గాని కలిపి వ్రాస్తే అక్షరాలు ఆ తెర మీద పడతాయి. పెన్నుకు బ్యాటరీ అక్కరలేదు. ఐదు వేల లోపున వస్తుంది. కరోనా కాలములో చాలామంది లెక్కల మాస్టర్లు దీనితోనే నెట్టుకొచ్చారు. చేయి ఒకచోట, చూపు ఒకచోట ఉంచడము అలవాటు కావడానికి రెండు వారాలు పడుతుంది. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉన్నవారు ముందు దీనిని ప్రయత్నించడము మంచిది. మీకు ల్యాప్‌టాప్ లేదన్నారు. చిన్న ఫోను తెర మీద భిన్నాలు వ్రాయడము కష్టము గనుక మీకు దీనిని చెప్పలేము.

ఇది చదివే తల్లిదండ్రులకు ఒక విన్నపము. ఈ సహోదరి పాఠము చెప్పేవారు. ఇంటర్ చదివే పిల్లవాడు స్నేహితుని చూసి పెన్ను టాబ్లెట్ అడిగితే తొందరపడవద్దు. ఇంటర్ పరీక్ష మూడు గంటలు కాగితము మీద సిరా పెన్నుతో వ్రాయవలెను. ఇప్పుడు ఈఏపీసెట్ అని పిలిచే ఎంసెట్ మన రాష్ట్రములో 2018 నుండి కంప్యూటరు మీద జరుగుతున్నది, అక్కడ మౌసుతో గుర్తు పెట్టడము, కాగితము మీద లెక్క చేసుకొనడము. ఏ పరీక్షలోను గాజు తెర మీద వ్రాయమనరు. పాఠము వినడానికి పెన్ను లేని టాబ్లెట్, వ్రాయడానికి నాలుగు లాంగ్ నోటుబుక్కులు చాలును.

చివరగా, పాతది కొనవచ్చునా అని తమ్ముడు అడిగించాడు. కొనవచ్చును. పాత ఐప్యాడ్ అయితే వెనుక సన్నని అక్షరాలలో ఉండే మోడల్ నంబరును చూసి, ఏ పెన్సిల్ దానికి సరిపడుతుందో ముందుగా తెలుసుకొనవలెను. పెన్సిల్‌ను కూడా అక్కడే కలిపి, ఐదు నిమిషాలు వ్రాసి చూడవలెను. అమ్మేవారి ఆపిల్ ఖాతాను వారి చేతనే, మీ కళ్ళ ముందు తీసివేయించండి. తీయకపోతే అది మీ చేతికి వచ్చాక తెరుచుకొనదు. ఎస్ పెన్ టాబ్లెట్ అయితే తెర నాలుగు మూలల నుండి అడ్డముగా ఒక్కొక్క గీత గీయండి. గీత నడుమ తెగితే, అమ్మేవారు ధర ఎంత తగ్గించినా దానిని అక్కడే వదిలిపెట్టండి.